పౌరశాస్త్రానికి ప్రైవేటు మాస్టరును ఎన్నుకోవడం ఎలా?

గణితానికో, భౌతికశాస్త్రానికో ప్రైవేటు మాస్టరును కుదుర్చుకోవడం మన ఇండ్లలో కొత్త సంగతి కాదు. పౌరశాస్త్రానికి మాస్టరు కావాలని పిల్లలు అడిగితే మాత్రం పెద్దలు విస్తుపోతారు. "అది చదువుకుంటే వచ్చేదే గదా, దానికి ట్యూషన్ ఎందుకు?" అంటారు. ఈ మాటలో కొంత సత్యం లేకపోలేదు. అయితే పదవ తరగతి వరకు ఉర్దూ మాధ్యమంలో చదివి, ఇంటర్మీడియట్‌లో తెలుగు మాధ్యమానికి వచ్చిన విద్యార్థులను సి.ఇ.సి., హెచ్.ఇ.సి. గ్రూపులలో ఎక్కువగా చిక్కుల్లో పడవేసేది ఈ పౌరశాస్త్రమే. నేను ఆ శాస్త్రం బోధించేవాడిని కాను, తెలుగు బోధించేవాడిని. అయినప్పటికీ ఈ సమస్య నా వద్దకు ఎలా వచ్చిందో చెప్పడంతోనే ఈ వ్యాసాన్ని ప్రారంభిస్తాను.

ఒకనాటి సాయంత్రం దర్జీ పని చేసుకునే ఒక పెద్దమనిషి తన కుమార్తె అర్ధసంవత్సర పరీక్ష జవాబు పత్రాన్ని పట్టుకొని నా గదికి వచ్చారు. "మాస్టర్ సాబ్, మూడు నెలలుగా ట్యూషన్‌కు డబ్బు కడుతున్నాను. అమ్మాయి మళ్లీ తప్పింది. ఇక చదువు మానిపించి కుట్టుపనికి కూర్చోబెట్టమని ఇంట్లోవాళ్లు అంటున్నారు. మీరు ఒక్కసారి చూడండి" అన్నారు. "కూర్చోండి భాయ్ సాబ్" అని పత్రం తీసుకొని చూశాను. 'రాజ్యం లక్షణాలను వివరించండి' అన్నది మొదటి ప్రశ్న. ప్రజలు, భూభాగం, ప్రభుత్వం, సార్వభౌమాధికారం అనే నాలుగు లక్షణాలనూ అమ్మాయి సక్రమంగానే వ్రాసింది. కాని జవాబు పొడుగునా 'రాజ్యం' అనవలసిన చోట 'రాష్ట్రం' అని వ్రాసింది. రాష్ట్రానికి సార్వభౌమాధికారం ఉంటుందని వ్రాస్తే ఏ పరీక్షకుడు మార్కులు వేస్తాడు? ఎర్ర సిరాతో పేజీ అంతా కొట్టివేయబడి ఉంది.

ఆ అమ్మాయికి విషయం తెలియక కాదు, మాట తెలియక. ఉర్దూలో రాజనీతిశాస్త్ర పరిభాషగా 'మమ్లికత్' అన్న మాట ఉన్నా, వాడుకలో 'రియాసత్' అన్న ఒక్క మాటే దేశమనే రాజ్యానికీ, అందులోని రాష్ట్రానికీ చెల్లుతుంది. ఆంగ్లంలోని 'స్టేట్' కూడా అంతే. తెలుగు మాత్రం ఈ రెండింటినీ రెండు మాటలుగా విడదీసింది. ఈ తేడాను ఆమెకు ఎవరూ చెప్పలేదు. మూడు నెలల ట్యూషన్‌లో మాస్టరు చేసినదల్లా నోట్సు చెప్పి వ్రాయించడమే.

ఆ నోట్సు పుస్తకాన్ని కూడా తెప్పించి చూశాను. భారతదేశంలో 29 రాష్ట్రాలు, 7 కేంద్రపాలిత ప్రాంతాలు అని ఉంది. 2019లో జమ్మూ కాశ్మీర్ పునర్వ్యవస్థీకరణ, 2020 జనవరిలో రెండు కేంద్రపాలిత ప్రాంతాల విలీనం జరిగాక ఆ లెక్క 28, 8 అయింది. లోక్‌సభకు ఇద్దరు ఆంగ్లో-ఇండియన్ సభ్యులను రాష్ట్రపతి నామినేట్ చేస్తారని ఉంది. 104వ సవరణతో 2020 జనవరిలో ఆ ఏర్పాటు ముగిసిపోయింది. మాస్టరు దుర్మార్గుడేమీ కాదు. ఎప్పుడో తాను వ్రాసుకున్న నోట్సునే ఏటేటా వల్లె వేయిస్తున్నాడు. గణితంలో పాత నోట్సు చెడిపోదు. పౌరశాస్త్రంలో పార్లమెంటు ఒక్క సవరణ చేస్తే చాలు, నిన్నటి సరైన జవాబు నేడు తప్పవుతుంది. ఇంట్లోని తాతగారు ఆస్తి హక్కును ప్రాథమిక హక్కని, ఓటు హక్కు ఇరవై ఒకటవ ఏట వస్తుందని చెబితే వారిని తప్పుపట్టలేము. వారు చదివిన నాటికి అదే నిజం. 1978 నాటి 44వ సవరణ మొదటిదానిని, 1988 నాటి 61వ సవరణ రెండవదానిని మార్చివేశాయి.

కనుక మాస్టరును కుదుర్చుకునే ముందు ఒక గంట పాఠం చెప్పించుకొని చూడాలని నా సలహా. ఆయన పట్టాలను చూడడం కన్న ఇది మేలు. ఆ గంటలో ఆయన బల్లమీద ఏ పుస్తకం ఉన్నదో గమనించండి. గైడు మాత్రమే ఉంటే ఆలోచించుకోవలసిందే. నిర్ణీత పాఠ్యపుస్తకం, దానితో పాటు భారత రాజ్యాంగ ప్రతి ఒకటి ఉండాలి. 1968లో స్థాపించబడిన తెలుగు అకాడమి వెలువరించిన పాఠ్యగ్రంథాల వల్ల రాజనీతిశాస్త్ర పరిభాష తెలుగులో చాలావరకు స్థిరపడింది. గైడ్లు ఆ పరిభాషను తమ ఇష్టం వచ్చినట్లు మారుస్తాయి. ఒకటి 'ఆదేశిక సూత్రాలు' అంటుంది, మరొకటి 'నిర్దేశిక నియమాలు' అంటుంది. అవి రెండు వేరువేరు విషయాలని భ్రమించి రెండింటినీ విడివిడిగా బట్టీ పట్టిన విద్యార్థిని నేను ఎరుగుదును!

తరువాత ఆయనను ఒక చిన్న ప్రశ్న అడగండి: ప్రాథమిక హక్కులకూ, ఆదేశిక సూత్రాలకూ భేదమేమిటి? 'మొదటివి న్యాయస్థానాల ద్వారా అమలవుతాయి, రెండవవి కావు' అని ఒక్క వాక్యంలో ముగిస్తే అది గైడులోని జవాబు. మంచి మాస్టరు 32వ అధికరణాన్ని, 37వ అధికరణాన్ని తెరచి చూపుతాడు. హక్కుకు భంగం కలిగిన సామాన్యుడు నేరుగా సుప్రీంకోర్టు తలుపు తట్టవచ్చునని మొదటిది చెబుతుంది. ఆదేశిక సూత్రాలను కోర్టులు అమలు చేయజాలకపోయినా, దేశ పరిపాలనకు అవి మౌలికమైనవేనని రెండవది చెబుతుంది. ఆపై ఆయన విద్యార్థి ఎరిగిన ఉదాహరణ ఒకటి ఇవ్వగలగాలి. మన విద్యార్థులకు మన కళాశాల కన్న దగ్గరి ఉదాహరణ ఏముంది? మతం ప్రాతిపదికగా గాని, భాష ప్రాతిపదికగా గాని అల్పసంఖ్యాకులైన వారికి తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించుకొని నిర్వహించుకునే హక్కును 30వ అధికరణం ఇస్తున్నది. ఎవరు అల్పసంఖ్యాకులన్నది రాష్ట్రాన్ని బట్టి నిర్ణయించాలని సుప్రీంకోర్టు పదకొండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2002లో తీర్పు చెప్పింది. ఆ లెక్కన ఇక్కడ ఉర్దూ మాట్లాడేవారికి ఉన్న హక్కే తమిళనాడులో తెలుగు మాట్లాడేవారికీ ఉన్నది. ఈ ఒక్క సంగతి వివరించగలిగిన మాస్టరు వద్ద విద్యార్థి హక్కుల పాఠాన్ని జన్మలో మరచిపోడు.

ఇక భాష విషయం. శాసనశాఖ, కార్యనిర్వాహకశాఖ, న్యాయశాఖ అని ఏకరువు పెడుతుంటే గుడ్లప్పగించి చూసే విద్యార్థికి "ఇవి నీవు చదివిన ముఖన్నినా, ఆమిలా, అద్లియాలే" అని చెప్పండి, వెంటనే ముఖం వికసిస్తుంది. 'దస్తూర్' అంటే రాజ్యాంగమని తెలిసిన పిల్లకు తెలుగులో 'దస్తూరి' అంటే చేతివ్రాత అని తెలియకపోవచ్చు. రాజ్యాంగ పీఠికలో 1976 నాటి 42వ సవరణ ద్వారా చేరిన 'లౌకిక' అన్న మాటకు ఉర్దూ ప్రతిలో 'గైర్ మజ్హబీ' అని ఉంది. దానిని మతాన్ని కాదనడంగా పొరబడకూడదు. రాజ్యానికి తనదంటూ ఒక మతం ఉండదు, పౌరునికి ఉండవచ్చు. ఆ తేడాను విడమరచి చెప్పేవాడు కావాలి. అన్నట్లు 'ప్రాథమిక హక్కులు' అన్న మాటలోని 'హక్కు' అరబ్బీ 'హఖ్' నుండి వచ్చినదే. సగం మాట తమ ఇంటిదేనని తెలిసినప్పుడు మన పిల్లలకు కలిగే ధైర్యం ఇంతా అంతా కాదు.

ఇటువంటి మాస్టరు ఎక్కడ దొరుకుతాడు? ఫీజు ఎక్కువ తీసుకునే చోటనే దొరుకుతాడన్న భ్రమ వద్దు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం ఎం.ఏ. చదువుతున్నవారు, 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో చదువుతున్నవారు ఉన్నారు. వారిలో రెండు భాషలూ వచ్చినవారిని మన పూర్వవిద్యార్థుల ద్వారా వాకబు చేయవచ్చు. అమ్మాయిలకు చెప్పడానికి సీనియర్ విద్యార్థినులు దొరికితే మరీ మంచిది. మగ్రిబ్, ఇషా నమాజుల నడుమ నలుగురైదుగురు కలసి ఒకరి ఇంట కూర్చుంటే ఖర్చు పంచుకోవచ్చు, వాదోపవాదాలూ సాగుతాయి. ఈ శాస్త్రానికి వాదమే ప్రాణం. హైస్కూలు పిల్లల తల్లిదండ్రులు మాత్రం బడి ఉపాధ్యాయుడినే ఇంటికి రమ్మని ఒత్తిడి చేయరాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 28వ సెక్షను ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్లు చెప్పడాన్ని నిషేధించింది. పౌరశాస్త్రం నేర్పించడానికి చట్టాన్ని అతిక్రమించమనడం ఏమి సబబు?

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. ఉర్దూ మాధ్యమం నుండి వచ్చినవారికి మొదటి సంవత్సరం తొలి రెండు మాసాలు, వారానికొక గంట, ఇరుభాషల పరిభాషను బోధించే ఏర్పాటు చేస్తే మన విద్యార్థులలో సగం మందికి ఈ ట్యూషన్ల అవసరమే ఉండదని నా నమ్మకం. ఉర్దూ శాఖవారు, పౌరశాస్త్ర శాఖవారు సమ్మతిస్తే నా వంతు గంటలు నేను తీసుకుంటాను.

ఆ దర్జీగారి అమ్మాయి సంగతి చెప్పలేదు. పాత ట్యూషన్ మానిపించి, ఎం.ఏ. చదువుతున్న ఒక విద్యార్థిని వద్దకు పంపాము. ఆమె మొదట చేయించిన పని ఒక నోటు పుస్తకంలో మూడు గళ్లు గీయించి ఉర్దూ, తెలుగు, ఆంగ్ల పదాలను పక్కపక్కన వ్రాయించడం. వార్షిక పరీక్షలో అమ్మాయి పౌరశాస్త్రంలో ఉత్తీర్ణురాలైంది, ఇప్పుడు రెండవ సంవత్సరం చదువుతున్నది. ఆ నోటు పుస్తకం నకలు ఒకటి మన గ్రంథాలయంలో ఉంచాము. కావలసినవారు అడిగి వ్రాసుకోవచ్చును.