సీసం విషానికి విరుగుడు ఉంది, హద్దులూ ఉన్నాయి

సీసం, పాదరసం, ఆర్సెనిక్ వంటి భారలోహాలు శరీరంలో ప్రమాదకర స్థాయికి చేరినప్పుడు వైద్యులు కీలేషన్ మందులను వాడతారు. గ్రీకు భాషలో ‘కీలే’ అంటే పీత డెక్క. మందు అణువు లోహాన్ని ఆ డెక్కలాగే గట్టిగా పట్టుకొని, ప్రధానంగా మూత్రం ద్వారా బయటకు పంపుతుంది.

లూయిసైట్ అనే ఆర్సెనిక్ యుద్ధ రసాయనానికి విరుగుడుగా రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు డైమెర్కాప్రాల్‌ను రూపొందించారు. సీసం విషప్రభావానికి నేడు నోటి ద్వారా ఇచ్చే సక్సిమర్, ఇంజెక్షన్‌గా ఇచ్చే కాల్షియం డైసోడియం ఈడీటీఏ కూడా ఉన్నాయి. దీనికి బదులు పొరపాటున డైసోడియం ఈడీటీఏ ఇస్తే రక్తంలో కాల్షియం పడిపోయి గుండె ఆగే ప్రమాదముంది. కనుక ‘శరీర శుద్ధి’ పేరిట, రక్తపరీక్ష లేకుండా ఈ చికిత్స తీసుకోవడం తగదు.

పదేళ్లలోపు పిల్లల రక్తంలో సీసం డెసిలీటరుకు 45 మైక్రోగ్రాములు, అంతకు మించి ఉంటే కీలేషన్ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫార్సు చేసింది. 5 మైక్రోగ్రాములున్నా సీసం ఎక్కడి నుంచి చేరుతోందో గుర్తించి, దానిని తొలగించాలని సూచించింది.

ఎందుకంటే మెదడుకు అప్పటికే జరిగిన హానిని మందు సరిచేయలేదు. పాత రంగుల పెచ్చులు, బ్యాటరీలు కరిగించే చోటి దుమ్ము, సీసం క్రోమేట్ కలిపిన పసుపు ఇంట్లోనే ఉంటే, చికిత్స పొందిన బిడ్డ రక్తంలోకి సీసం మళ్లీ చేరుతుంది.