వాకర్ పట్టుకున్న చేతికి గడియారం

కాలి రక్తనాళాలకి ఆపరేషన్ అయిన అమ్మకో నాన్నకో ఇక్కడినుంచి మనం ముందుగా కొని పంపేది అడుగులు లెక్కపెట్టే చేతిగడియారం. డాక్టరుగారు నడవమన్నారు కదా, ఎంత నడిచారో మనకీ తెలుస్తుందని ఆశ. ఆ లెక్క ఎలా పుడుతుందో, ఎక్కడ తప్పుతుందో ఈసారి చూద్దాం.

ముందు కాస్త వైద్యం. కాళ్ళకి వెళ్ళే ధమనుల్లో కొవ్వు పేరుకుని దారి ఇరుకైతే, నడిచినప్పుడు పిక్కలు పట్టేస్తాయి, ఆగితే తగ్గుతుంది. పొగతాగేవారికీ, మధుమేహం ఉన్నవారికీ ఈ ముప్పు ఎక్కువ. చీలమండ దగ్గరి రక్తపోటుని చేతి రక్తపోటుతో భాగిస్తే 0.9 గానీ అంతకు తక్కువ గానీ వస్తే జబ్బు ఉన్నట్టు లెక్క. చేతిలో 140, చీలమండలో 84 ఉంటే 0.6 అన్నమాట. మా నాన్నగారిది ఇంచుమించు అంతే. గుంటూరులో ఆయన కాలి సిరనే తీసి, తొడనుంచి మోకాలి కిందికి బైపాస్ వేశారు.

ఇక గడియారం సంగతి. దాని లోపల యాక్సిలరోమీటర్ ఉంటుంది. తెలుగులో త్వరణమాపకం అనుకోవచ్చు. సిలికాన్‌తో చేసిన అతి చిన్న బరువు సన్నటి స్ప్రింగుల మీద నిలిచి ఉంటుంది. మనం కదిలితే అదీ జరుగుతుంది, ఆ జరుగుడు విద్యుత్ సంకేతంగా మారుతుంది. మామూలు నడకలో సెకనుకి దాదాపు రెండడుగులు పడతాయి. సాఫ్ట్‌వేరు ఆ లయలో వచ్చే అలల్ని వెతికి, ఒక హద్దు దాటిన ప్రతి శిఖరాన్నీ అడుగుగా లెక్కేస్తుంది. హద్దంటూ లేకపోతే చేతులు ఊపుతూ కబుర్లు చెప్పినా నడిచినట్టే!

ఇప్పుడు వాకర్‌తో నడిచే మనిషిని ఊహించుకోండి. చెయ్యి ఊగదు. అడుగు మెల్లగా, ఆగి ఆగి పడుతుంది. అల హద్దు దాటదు. నాన్నగారు వరండాలో అరగంట నడిచిన రోజున గడియారం చూపించినవి 40 అడుగులు. "ఇవాళ నడవలేదా నాన్నా?" అని చెల్లెలు అడిగితే, "నొప్పి నా కాలికి తెలుసు, ఆ గడియారానికేం తెలుసమ్మా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే.

అందుకని ముందు ఒక చిన్న పరీక్ష చేయించండి. నోటితో 50 అడుగులు లెక్కపెట్టి నడిచి, గడియారంతో పోల్చమనండి. తేడా బాగా ఉంటే ఫోన్ని జేబులోనో నడుముకి కట్టుకున్న సంచిలోనో పెట్టి మళ్ళీ చూడండి. నడుము కదలిక వాకర్ పట్టుకున్నా ఉంటుంది. ఆపరేషన్ అయిన కాలికి మాత్రం బిగుతు పట్టీలు కట్టవద్దు. అన్నిటికన్నా తేలికైనది నిమిషాల లెక్క: పిక్క పట్టేసేదాకా ఎంతసేపు నడిచారు, ఎన్నిసార్లు ఆగారు. వారం వారం ఆ మొదటి అంకె పెరుగుతుంటే మంచి కబురే.

పడిపోతే కబురు చేసే సదుపాయానికీ ఇదే పరిమితి ఉంది. అది గట్టి అదురునీ, ఆ తర్వాతి నిశ్చలతనీ వెతుకుతుంది. గోడ పట్టుకుని మెల్లగా జారి కూలబడితే పట్టుకోలేకపోవచ్చు. ఇక మణికట్టు మీది ఆక్సిజన్ అంకె కాలి సంగతి చెప్పనే చెప్పదు. పాదం ఉన్నట్టుండి చల్లబడినా, పాలిపోయినా, తిమ్మిరెక్కి విపరీతంగా నొప్పి పుట్టినా ఫోన్లు చూసుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. బైపాస్ మూసుకుపోతే గంటల్లోనే కాలికి ప్రమాదం.

చివరగా ఒక మాట. ఆపరేషన్ చేయించుకున్నది ఎవరి మీదా ఆధారపడకుండా తిరగడానికి. అడుగడుగూ అమెరికాలో కనబడుతుంటే అది స్వేచ్ఛ అనిపించదు. మా ఇంట్లో అడుగుల అంకెలు మాకు రాకుండా ఆపేశాం, పడిపోతే వచ్చే కబురు ఒక్కటే ఉంచాం. ఆదివారం నాన్నగారే ఫోన్ చేసి నిమిషాలు చెబుతారు. పోయిన వారం ఆగకుండా 11 నిమిషాలు. వీధి చివర కూరగాయల బండి దాకా వెళ్ళి, బెండకాయలు తానే ఏరుకొచ్చారట.