పేరు దాచుకొన్న గ్రంథకర్త

1844వ సంవత్సరము అక్టోబరు నెలలో లండను నగరమున నొక గ్రంథము వెలువడెను. సృష్టియొక్క ప్రకృతిచరిత్రమునందలి యానవాళ్లను గూర్చినదది. దానిపై గ్రంథకర్త పేరు లేదు. నక్షత్రములు మొదలుకొని మానవుని వరకు సర్వమును ఈశ్వరుడు విధించిన నియమముల ననుసరించి క్రమక్రమముగా పరిణమించినవే గాని, వేరువేరుగా సృష్టింపబడలేదని యందు వాదింపబడెను. మతాచార్యులు మండిపడిరి, శాస్త్రజ్ఞులు విరుచుకొనిపడిరి, జనులు మాత్రము ఎగబడి కొనిరి. వ్రాసినవాడు రాబర్టు చేంబర్సు అని ముఖపత్రముపై అచ్చుపడుటకు 1884 వరకు 40 ఏండ్లు పట్టెను. అప్పటికాతడు గతించి 13 సంవత్సరములయ్యెను.

రాబర్టు 1802 జులై 10వ తేదీన స్కాట్లండునందలి పీబుల్సు పట్టణమున జన్మించెను. ఆతడును, అన్న విలియమును కాలుసేతులకు ఆరేసి వ్రేళ్లతో పుట్టిరి. శస్త్రచికిత్స సరిగా కుదురక రాబర్టు కాలు కుంటువడెను. ఆటలకు నోచుకొనని యా బాలునకు అటకమీది పెట్టెలో తండ్రి కొనియుంచిన బ్రిటానికా విజ్ఞానసర్వస్వము దొరకెను. అదియే యాతని ప్రథమ విశ్వవిద్యాలయము. తండ్రి చేతిమగ్గపు నూలుబట్టల వర్తకుడు. మరమగ్గములు వచ్చి యా వ్యాపారమును క్రుంగదీసెను. ఫ్రెంచి యుద్ధఖైదీలకు అరువిచ్చిన సొమ్ము తిరిగి రాలేదు. 1813లో కుటుంబము ఎడింబరో నగరము చేరెను. 1818లో, తన 16వ యేట, రాబర్టు ఇంటనున్న పాతపుస్తకములనే సరకుగా పెట్టుకొని వీథిప్రక్క నంగడి తెరచెను.

1832 ఫిబ్రవరి 4వ తేదీన విలియము ఒక వారపత్రికను ప్రారంభించెను. వెల ఒకటిన్నర పెన్నీ మాత్రమే. రాబర్టు వెంటనే దాని భారమున పాలుపంచుకొనెను. శాస్త్రము, చరిత్రము, సాహిత్యము పనివాని యింటికి నడచివచ్చెను. 1859 నుండి 1868 వరకు అన్నదమ్ములు 10 సంపుటములలో తమ విజ్ఞానసర్వస్వమును ప్రకటించిరి. అటకమీద దొరకిన నిధిని ఆతడు లోకమునకు పంచిపెట్టెనని చెప్పవచ్చును.

ఇట్టివాడు తన గ్రంథమునకు పేరేల పెట్టుకొనలేదు? దస్తూరి గుర్తుపట్టకుండ భార్య ఆన్ వ్రాతప్రతికి నకలు తీసెను. మాంచెస్టరు నందలి మిత్రుడు అలెగ్జాండరు అయర్లండు ద్వారా నది ప్రకాశకునికి చేరెను. కారణ మడిగినవారికి రాబర్టు తన పిల్లలున్న యింటిని చూపి, తనకు 11 కారణములు కలవనెనట. దైవద్రోహియను ముద్ర పడినచో పత్రిక కూలును. దానితో పలువురి జీవనమును కూలును. 1848లో ఎడింబరో నగరాధ్యక్ష పదవికి నిలువబూనినప్పుడు, ఈ గ్రంథకర్త యితడేయను అనుమానము వ్యాపించుటచే తప్పుకొనవలసివచ్చెను. ఆతని భయము ఊరక పుట్టినది కాదు.

గ్రంథమున దోషములు లేకపోలేదు. విద్యుత్తువలన పురుగులు పుట్టెనను ప్రయోగములను ఆతడు నమ్మెను. పరిణామ మెట్లు జరుగునో తృప్తికరముగా చెప్పజాలడయ్యెను. సెడ్జివిక్కు 1845లోను, హక్స్‌లీ 1854లోను తీవ్రముగా ఖండించిరి. అయినను ఆతడు ముద్రణము వెంట ముద్రణమున తప్పులు దిద్దుకొనుచునే యుండెను. ఆ పుస్తకము చదివియే వాలెసు జీవజాతుల పుట్టుకను అన్వేషింప పూనుకొనెను. పాతభావములను తొలగించి నేలను దున్నిన మేలు దానిదేయని డార్విను సైతము అంగీకరించెను. 1860లో ఆక్స్‌ఫర్డు చర్చకు పోనొల్లని హక్స్‌లీని పట్టుబట్టి పంపినవాడును చేంబర్సే. తన్ను తూలనాడిన వానిచేతనే తన పక్షమును నిలబెట్టించెను.

పేరు దాచుట పిరికితనమని కొందరందురు. మేమట్లు తలంపము. తన పేరును కాపాడుకొనుటకు సత్యమును దాచువాడు పిరికివాడు. సత్యమును వెలువరించుటకు తన పేరును దాచుకొన్నవానిని ఆ మాటతో దూషించుట న్యాయము కాదు. సిగ్గుపడవలసినది, ఆలోచించిన మాటకు పేరు పెట్టుకొనలేని స్థితిని కల్పించిన నాటి సంఘమే. 1871 మార్చి 17వ తేదీన సెంట్ ఆండ్రూసు నందు కన్నుమూయునంతవరకు ఆతడా గ్రంథము తనదని ప్రకటింపలేదు. కీర్తి రాకున్నను పని జరిగినది. అది చాలునని యాతడెంచెను కాబోలు.