అమీర్‌పేట్, పంజాగుట్టలో ఫ్లాట్ కొంటున్నారా? టోకెన్ అడ్వాన్స్ ఇచ్చే ముందు ఈ పొరపాట్లు అస్సలు చేయొద్దు!

మెట్రో, ఆస్పత్రులు, షాపింగ్.. అన్నీ నడిచి వెళ్లే దూరంలోనే. అందుకే అమీర్‌పేట్, పంజాగుట్టలో ఫ్లాట్ అమ్మకానికి వచ్చిందంటే చాలు, "ఇవాళ టోకెన్ ఇవ్వకపోతే రేపటికి ఉండదు" అంటూ బ్రోకర్లు తొందరపెట్టేస్తారు. ఆ తొందరలో కాగితాలు చూడకుండా డబ్బులు ఇచ్చేస్తే ఏళ్ల తరబడి కష్టపడి దాచుకున్న సొమ్ము ఇరుక్కుపోయే ప్రమాదం ఉంది. ఇక్కడ ఖాళీ స్థలాలు తక్కువ. అమ్మకానికి వచ్చేవి ఎక్కువగా పాత అపార్ట్‌మెంట్లే. మరి కొనేవాళ్లు ఎక్కడ పొరబడుతున్నారో చూద్దాం.

ఈసీ ఒక్కటే చూడటం

ఈసీలో రిజిస్టర్ అయిన లావాదేవీలే కనిపిస్తాయి. నోటి మాట ఒప్పందాలు, ఇంట్లో వాటాల గొడవలు అందులో ఉండవు. కాబట్టి లింక్ డాక్యుమెంట్లన్నీ అడగండి. ఒరిజినల్స్ కళ్లతో చూడండి. "జిరాక్స్ మాత్రమే ఉంది" అన్నారంటే ఒరిజినల్స్ బ్యాంకులో తాకట్టు ఉన్నాయేమో అనుమానించాల్సిందే.

ట్యాక్స్ రసీదును నమ్మడం

ప్లాన్‌లో లేని పెంట్‌హౌస్‌కు కూడా ఆస్తి పన్ను రసీదు, కరెంట్ మీటర్ ఉండొచ్చు. అంతమాత్రాన అది సక్రమ నిర్మాణం అయిపోదు. 2015లో ప్రభుత్వం తెచ్చిన బీఆర్‌ఎస్ క్రమబద్ధీకరణ పథకం కూడా కోర్టు వివాదంలో చిక్కుకుంది. శాంక్షన్డ్ ప్లాన్‌లో మీరు కొనే అంతస్తు ఉందో లేదో చూసుకోండి. కొత్త బిల్డింగ్ అయితే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ అడగండి.

యూడీఎస్ అడగకపోవడం

పాత బిల్డింగ్‌లో అసలు విలువ స్థలానిదే. రేపు కూల్చి కొత్తగా కట్టాల్సి వస్తే మీ వాటా ఎన్ని గజాలన్నదే లెక్క. చదరపు అడుగుల సంగతి అడిగినట్టే అవిభాజ్య వాటా, పార్కింగ్ సేల్ డీడ్‌లో ఎలా రాశారో కూడా అడగండి.

ఓనర్ విదేశాల్లో ఉంటే..

జీపీఏ పట్టుకొని బంధువులు అమ్మకానికి రావడం మామూలే. కానీ రిజిస్టర్డ్ సేల్ డీడ్ లేకుండా జీపీఏతోనే యాజమాన్య హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చేసింది. ఇంకో విషయం. ధర 50 లక్షలు, అంతకు మించితే కొనేవాళ్లే 1 శాతం టీడీఎస్ కట్టాలి. అమ్మేది ఎన్‌ఆర్‌ఐ అయితే రేటు ఇంకా ఎక్కువ. కట్ చేయకపోతే ఆ భారం కొన్నవాళ్ల మీదే పడుతుంది.

ఫ్లాట్ రేటునే బడ్జెట్ అనుకోవడం

తెలంగాణలో రిజిస్ట్రేషన్ చార్జీలు 2021 జులైలో 6 శాతం నుంచి 7.5 శాతానికి పెరిగాయి. ఆ లెక్కన 80 లక్షల ఫ్లాట్‌కు 6 లక్షలు. బ్యాంకు 80 శాతం, అంటే 64 లక్షల లోన్ ఇచ్చినా మిగతా 16 లక్షలు, రిజిస్ట్రేషన్ 6 లక్షలు కలిపి చేతిలో 22 లక్షలు ఉండాల్సిందే. రిపేర్లు, సొసైటీ బకాయిలు వేరే.

ప్రీ లాంచ్ ఆశ

ఇక్కడి రేట్లు చూసి కొందరు శివార్లలో చవకగా వచ్చే ప్రీ లాంచ్ ఆఫర్ల వైపు వెళ్తుంటారు. అమీన్‌పూర్‌లో ఫ్లాట్లు ఇస్తామని వందల కోట్లు వసూలు చేశారన్న ఆరోపణలపై సాహితీ ఇన్‌ఫ్రాటెక్ ఎండీని 2022 డిసెంబర్‌లో హైదరాబాద్ సీసీఎస్ పోలీసులు అరెస్ట్ చేశారు. రెరా చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ప్రాజెక్టులో బుకింగ్‌లు తీసుకోకూడదు. అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్స్ కూడా తీసుకోకూడదు. అందుకే తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో నంబర్ చెక్ చేశాకే చెక్కు రాయండి.

చివరగా ఒక్క మాట. టోకెన్ ఇవ్వక తప్పదంటే బ్యాంకు ద్వారానే ఇవ్వండి. 'కాగితాల్లో తేడా వస్తే డబ్బు వాపస్' అని రాయించుకోండి. ఫీజు తీసుకున్నా సరే, లాయర్‌తో ఒకసారి చెక్ చేయించండి. ఈ ఫ్లాట్ పోతే ఇంకోటి దొరుకుతుంది. పోయిన అడ్వాన్స్ తిరిగి రావడమే కష్టం.