మౌస్ వచ్చిందని కంప్యూటరుకు ఎవరు చెప్పారు?

కంప్యూటరు నడుస్తుండగానే మౌస్ తీగను దాని కన్నంలో దోపుతాం. రెండు సెకన్లు గడిచేసరికి తెరమీద బాణం గుర్తు కదలసాగుతుంది. వచ్చింది మౌసేననీ, కీబోర్డు కాదనీ కంప్యూటరు ఎలా పోల్చుకుంది? లినక్స్ నడిచే కంప్యూటరులో ఈ సంగతి చూద్దాం. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన ఈ వ్యవస్థలో ప్రోగ్రాము రహస్యం కాదు; ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు.

మొదటి కబురు మోసేది ఒక చిన్న నిరోధకం. మామూలు యు.ఎస్.బి. మౌస్ తీగ లోపల నాలుగు సన్నని తీగలుంటాయి. రెండు 5 వోల్టుల విద్యుత్తు తెస్తాయి, రెండు కబుర్లు మోస్తాయి. కంప్యూటరు వైపున కబురు తీగలు రెండూ 15,000 ఓముల నిరోధకాల ద్వారా సున్నా వోల్టుల తీగకు కలిపి ఉంటాయి. అందుచేత ఏమీ తగిలించనపుడు వాటి మీద వోల్టేజి సున్నా. మౌస్ లోపల మాత్రం ఒక కబురు తీగకు 1,500 ఓముల నిరోధకం ద్వారా 3.3 వోల్టులు అందుతాయి. రెండూ కలిస్తే ఏమవుతుంది? ఓమ్ సూత్రం చదివినవారు లెక్క కట్టండి: ఆ తీగ సున్నా నుంచి 3 వోల్టులకు లేస్తుంది. గుమ్మంలో ఎవరో నిలబడ్డారన్నమాట! రెండింటిలో ఏ తీగ లేచిందో చూసి, వచ్చినది నెమ్మదిగా మాట్లాడే రకమా, వేగంగా మాట్లాడే రకమా అన్నది కూడా కంప్యూటరు గ్రహిస్తుంది. మామూలు మౌస్ నెమ్మది రకం. సెకనుకు 15 లక్షల బిట్లు.

ఇక పలకరింపులు. కొత్తగా వచ్చిన ప్రతి పరికరం సున్నా అనే చిరునామాకు పలుకుతుంది. కంప్యూటరు దానికి 1 నుంచి 127 లోపు ఒక నంబరు కేటాయించి, వివరాలడుగుతుంది. పరికరం 18 బైట్ల చీటీ అందిస్తుంది. తయారీదారు నంబరు, సరుకు నంబరు అందులో ఉంటాయి. తర్వాతి చీటీలో దాని తరగతి ఉంటుంది. 3వ తరగతి అంటే మనిషి చేతితో వాడే పరికరం. దాని పక్కన 1 ఉంటే కీబోర్డు, 2 ఉంటే మౌస్.

లినక్స్ కెర్నెల్ ఈ చీటీలు చదివి, తగిన డ్రైవరును జతచేసి, యూడెవ్ అనే సహాయకుడికి కబురు పెడుతుంది. గ్రెగ్ క్రోహ్-హార్ట్‌మన్ 2003లో దీన్ని రాయడం ప్రారంభించారు. తెరమీది బొమ్మలను నడిపే ప్రోగ్రాముకు కొత్త మౌస్ సంగతి తెలిసేది యూడెవ్ ద్వారానే.

వెనుకటి రోజుల్లో ఈ సుఖం లేదు. మౌస్ ఏ కన్నంలో ఉందో, ఏ పద్ధతిలో మాట్లాడుతుందో మనమే ఒక ఫైలులో రాయాలి. ఒక పంక్తి తప్పితే బాణం గుర్తు పిచ్చిగా గంతులేసేది, లేదా అసలు కదిలేదే కాదు. 2007లో వచ్చిన ఎక్స్ సర్వర్ 1.4తో ఆ బాధ తగ్గసాగింది. 2010 నాటి 1.8 నుంచి అది యూడెవ్ మాటనే వినసాగింది.

మరో తమాషా ఏమంటే, కీబోర్డు అక్షరాలను పంపదు. ఏ మీట నొక్కారో చెప్పే నంబరును పంపుతుంది. ‘కె’ మీట లినక్స్‌లో 37. దాన్ని ఇంగ్లీషు అక్షరంగా చూపాలో, ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో ‘క’గా చూపాలో తర్వాత తేలుతుంది. అందుకే తెలుగు రాయడానికి వేరే కీబోర్డు కొననక్కరలేదు.

ఇంత సులువులోనే ఒక చిక్కుంది. పరికరం తన గురించి తాను చెప్పుకున్నదాన్నే కంప్యూటరు నమ్ముతోంది గదా! అది అబద్ధమైతే? 2014లో కార్‌స్టెన్ నోల్, యాకోబ్ లెల్ అనే పరిశోధకులు అమెరికాలో ఒక సభలో దీన్ని చేసి చూపారు. పెన్‌డ్రైవ్ లోపలి ప్రోగ్రామును మార్చితే అది “నేను కీబోర్డును” అంటుంది; మన చేయి పడకుండానే ఆదేశాలు టైపు చేసేస్తుంది. దారిలో దొరికిన పెన్‌డ్రైవ్‌ను తగిలించవద్దని పెద్దలు చెప్పేది ఇందుకే. అనుమతి లేని పరికరాన్ని ఆపే యు.ఎస్.బి.గార్డ్ అనే ప్రోగ్రాము లినక్స్‌కు ఉంది. అయితే ప్రతి కీబోర్డుకూ అనుమతి అడగాలంటే, మొట్టమొదటి కీబోర్డుకు “సరే” అని ఏ మీటతో నొక్కాలి? దీనికి తేలికైన జవాబు లేదు.

మీ బడిలో లినక్స్ కంప్యూటరుంటే ఒక ప్రయోగం చేయండి. టెర్మినల్ తెరిచి ఎల్, ఎస్, యు, ఎస్, బి అనే చిన్న ఇంగ్లీషు అక్షరాలు వరుసగా కొట్టి ఎంటర్ నొక్కండి. తగిలించిన పరికరాల పట్టిక వస్తుంది. మౌస్ నంబరు రాసుకుని, దాన్ని పీకి మళ్లీ తగిలించి పట్టికను తిరిగి చూడండి. మౌస్ అదే, కన్నమూ అదే, నంబరు మాత్రం మారి ఉంటుంది.