కుంపటిలోని అసంపూర్ణ దహనం

ఇంధనంలోని కర్బనం ఆక్సిజన్‌తో సంయోగం చెంది ఉష్ణాన్ని వెలువరించే రసాయనిక చర్యయే దహనం. కర్బనమంతా కార్బన్ డయాక్సైడ్‌గా మారితే అది సంపూర్ణ దహనం. కొంత భాగం కార్బన్ మోనాక్సైడ్‌గా నిలిచిపోతే అసంపూర్ణ దహనం. ఈ రెండు అణువులకూ తేడా ఒక్క ఆక్సిజన్ పరమాణువే.

లంబసింగిలోనో ఆదిలాబాదులోనో చలికి వీధిలో వేసుకునే నెగడు కళ్లు మండిస్తుంది, దగ్గు తెప్పిస్తుంది; కనుక దానిని ఎవరూ పడకగదిలోకి తేరు. బొగ్గుల కుంపటిని మాత్రం తెస్తారు. కట్టెను గాలి చొరకుండా కాల్చి బొగ్గు చేసేటప్పుడే పొగకు కారణమైన బాష్పశీల పదార్థాలు చాలావరకు తొలగిపోతాయి. అందుచేత బాగా రాజుకున్న బొగ్గు దాదాపు పొగ లేకుండా కాలుతుంది. పొగ లేదు గనుక హాని లేదన్న నమ్మకానికి మూలమిదే.

కుంపటి అడుగున, గాలి ధారాళంగా తగిలే చోట, కార్బన్ డయాక్సైడ్ ఏర్పడుతుంది. ఆ వాయువు పైనున్న ఎర్రని బొగ్గుల సందుల గుండా పోతూ మరికొంత కర్బనంతో చర్య జరిపి మోనాక్సైడ్‌గా క్షయకరణం చెందుతుంది. వేడి ఎక్కువగా ఉన్నంతసేపు ఇందులో కొంత ఉపరితలం మీద నీలి జ్వాలగా మండి తిరిగి డయాక్సైడ్ అవుతుంది. వేడి తగ్గి, నిప్పుల మీద బూడిద పేరుకొని ఆ జ్వాల ఆరిపోయాక, మోనాక్సైడ్ మండకుండానే గదిలో చేరుతుంది. మంట తగ్గింది గదా అని మనం నిద్రకు ఉపక్రమించే వేళ సరిగ్గా అదే. నివురుగప్పిన నిప్పు అన్న మాటకు రసాయన శాస్త్రం ఇంత కచ్చితమైన అర్థం చెబుతుందని ఆ మాట పుట్టించినవారు ఎరుగరు.

పరిమాణం లెక్కించి చూద్దాం. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులున్న గదిలో పట్టే గాలి సుమారు 28,300 లీటర్లు. 12 గ్రాముల కర్బనం, అంటే ఒకటి రెండు చిన్న బొగ్గు ముక్కలు, పూర్తిగా మోనాక్సైడ్‌గా మారితే దాదాపు 24 లీటర్ల వాయువు వస్తుంది. గాలి కదలని గదిలో అది పది లక్షల వంతులకు 850 వంతులు. రెండు మూడు గంటల్లో మనిషికి స్పృహ తప్పించడానికి ఇది చాలు.

రంగూ వాసనా లేని ఈ వాయువు రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొని, ప్రాణవాయువుకు చోటు లేకుండా చేస్తుంది. తొలి లక్షణాలైన తలనొప్పి, వికారం, నిస్సత్తువలను పైత్యమనుకొని తలుపు బిగించి పడుకునేవారు ఉన్నారు. వేలికి తగిలించే మామూలు ఆక్సీమీటరును కూడా నమ్మరాదు. మోనాక్సైడ్ పట్టిన హీమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ ఉన్నదానిగానే లెక్కించి మంచి అంకె చూపుతుంది. గర్భస్థ శిశువుకు ముప్పు మరింత హెచ్చు. బాలింత మంచం కింద కుంపటి పెట్టి, గాలి తగలరాదని కిటికీలు మూసే ఆచారంలో వెచ్చదనం కోరడం తప్పు కాదు, మూసిన గదిలో కుంపటి పెట్టడం తప్పు. వెచ్చదనానికి దుప్పట్లున్నాయి. బొగ్గు మండే చోటు ఆరుబయలే.

విద్యుత్ హీటరుకు ఈ దోషం లేదు. దాని ప్రమాదం వేరు. 2000 వాట్ల హీటరు 230 వోల్టుల వద్ద 8.7 ఆంపియర్ల విద్యుత్తును తీసుకుంటుంది కనుక దానిని 16 ఆంపియర్ల సాకెట్టుకే నేరుగా కలపాలి, ఎక్స్‌టెన్షన్ బాక్సుకు కాదు. పరుపులూ పరదాలూ కనీసం మూడడుగుల దూరాన ఉండాలి.

కుంపటి ఉన్న గదిలో ఎవరైనా సోలిపోతే ముందుగా వారిని ఆరుబయటికి చేర్చి 108కి ఫోన్ చేయాలి. మామూలు గాలిలో రక్తంలోని మోనాక్సైడ్ సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. ఆసుపత్రిలో శుద్ధమైన ఆక్సిజన్ ఇస్తే సుమారు గంటన్నర.