ఎడ్లు లేని కాడికి మోటారు సైకిలు!

ఒంగోలు గిత్తలకు పేరుపడ్డ జిల్లా మనది. ఆ జిల్లాలోనే దుక్కి ఎడ్ల కోసం ఊరూరా వెతుక్కోవాల్సిన రోజులొచ్చాయి. కురిచేడు ప్రాంతంలో సాగర్ కుడి కాలువ కింద సాగు చేసేవారికైనా, వానను నమ్ముకుని కంది, పత్తి వేసే మెరక రైతుకైనా ఇదే తంటా. రెండు మూడెకరాల ఆసామి జత ఎడ్లను ఏడాది పొడుగునా మేపాలంటే మాటలా? వాన మొహం చాటేసిన ఏడు చొప్ప దొరకదు, ఎడ్లు సంతకు పోతాయి. తీరా నాలుగు చినుకులు పడ్డ రోజున ఊరంతా ట్రాక్టరు కోసమే పరుగు. మన వంతు వచ్చేసరికి అదును దాటిపోతుంది.

ఇంటి ముందు మాత్రం మోటారు సైకిలు ఉంటుంది. "దీంతో గుంటక తోలలేమా?" అని అడగని కుర్రవాడు లేడు. తోలొచ్చు. ముప్ఫై ఏళ్ళ కిందటే ఒకాయన తోలి చూపించాడు.

సౌరాష్ట్రలో ఏం జరిగింది?

గుజరాత్‌లో అమ్రేలీ జిల్లా మనలాగే కరువు నేల. అక్కడి మోటా దేవళియా గ్రామంలో మన్‌సుఖ్‌భాయ్ జగానీ అనే ఆయనది చిన్నపాటి వర్క్‌షాపు. కరువుకు రైతులు ఎడ్లను తెగనమ్ముకున్నారు, కూలీలు దొరకడం లేదు. బుల్లెట్ ఇంజను బిగించిన మూడు చక్రాల ఛకడా బండ్లు సరుకు, జనాన్ని మోయడం ఆ ప్రాంతంలో మామూలే. రోడ్డు మీద అంత బరువు లాగే ఇంజను చేలో గుంటక లాగదా అన్నది జగానీ ఆలోచన.

1994లో ఆయన 325 సీసీ ఎన్‌ఫీల్డ్ డీజిల్ బుల్లెట్టును తీసుకుని, వెనక చక్రం ఊడదీసి, ఆ స్థానంలో రెండు చక్రాల ఇరుసు బిగించారు. దాని వెనక పనిముట్లు తగిలించే ఇనుప పట్టీ పెట్టారు. దున్నాలంటే నాగలి, విత్తాలంటే గొర్రు, కలుపు తీయాలంటే గుంటక. ఒకే బండికి ఏది కావాలంటే అది. దాన్ని 'బుల్లెట్ సాంతి' అన్నారు. చుట్టుపక్కల వర్క్‌షాపులు కూడా అలాంటివే తయారు చేయడం మొదలుపెట్టాయి. నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ ఆయన పనిని గుర్తించింది. 2005లో ఈ యంత్రానికి అమెరికా పేటెంటు కూడా వచ్చింది.

అసలు కిటుకు గేర్లలోనే

చూసినవాళ్ళు "ఇంతేనా, మన వెల్డింగ్ షాపులోనే చేయించేద్దాం" అంటారు. ఇక్కడే దెబ్బ తింటారు. బండి రోడ్డు మీద పరుగెత్తడానికి పుట్టింది. చేలో గంటకు 5 కిలోమీటర్లకు మించి పోకూడదు.

లెక్క చూడండి. వెనక చక్రం ఎత్తు రెండడుగులు, అంటే 60 సెంటీమీటర్లు అనుకుందాం. ఒక్క చుట్టుకు దాదాపు 1.9 మీటర్లు కదులుతుంది. గంటకు 5 కిలోమీటర్లంటే నిమిషానికి 83 మీటర్లు, అంటే చక్రం 44 చుట్లు తిరగాలి. ఇంజను మాత్రం 2,400 చుట్లు తిరుగుతుంటుంది. ఆ వేగం 54 రెట్లు తగ్గాలన్నమాట. బండిని ఫస్టు గేరులో వేస్తే 15 రెట్లు తగ్గుతుందనుకుంటే, మిగతా మూడున్నర రెట్లకు పైగా మధ్యలో ఇంకో షాఫ్టు, పళ్ళచక్రాలు పెట్టి మనమే తగ్గించుకోవాలి. 12 పళ్ళ చక్రం 43 పళ్ళ చక్రాన్ని తిప్పితే సరిపోతుంది. వేగం తగ్గినకొద్దీ లాగే బలం పెరుగుతుంది. ఆ బలమంతా చివరి చెయిను మీదే పడుతుంది కాబట్టి అక్కడ మామూలు బైకు చెయిను వేస్తే పుటుక్కుమంటుంది. ఈ ఏర్పాటు లేకుండా తోలితే క్లచ్చి ప్లేట్లు కాలి కమురు వాసన వస్తుంది.

ఇంకో సంగతి. బైకు ఇంజను గాలికి చల్లబడేది. రోడ్డు మీద గాలి దానంతటదే తగులుతుంది. చేలో నడక వేగానికి తగలదు. కాబట్టి ఫ్యాను అమర్చాలి, లేదా మధ్య మధ్య ఆపాలి.

ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు

పనిముట్టు తగిలించే కొక్కెం ఇరుసు కంటే కిందనే ఉండాలి. పైన ఉంటే, గుంటక రాయికో మొద్దుకో తట్టుకున్నప్పుడు ముందు చక్రం లేచి బండి తోలేవాడి మీదికే తిరగబడుతుంది. మూడు చక్రాల బండి మలుపులో పక్కకు ఒరుగుతుంది కూడా. వెనక చక్రాల మధ్య ఎడం బాగా ఉంచి, బరువు కిందికి దించాలి. ఆ ఎడం సాళ్ళకు సరిపోయేలా జరుపుకునే వీలుంటే మరీ మంచిది. చెయినుకు, పళ్ళచక్రాలకు రేకు మూత తప్పనిసరి. పంచె కొసో, చీర చెంగో చిక్కుకుంటే ఆపేలోపే అనర్థం జరిగిపోతుంది.

ఇక రోడ్డు సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడానికి వీల్లేదు. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ప్రమాదం జరిగితే బీమా రాకపోయే చిక్కు కూడా ఉంది. నిత్యం తిరిగే బండి జోలికి పోకుండా ఆర్టీఓ ఆఫీసులో ముందే అడిగి తెలుసుకోండి.

ఎవరికి లాభం?

ఉన్న మాట చెప్పుకోవాలి. ఇది ట్రాక్టరు కాదు. ఆ డీజిల్ బుల్లెట్టుది ఆరున్నర గుర్రాల బలం. వేసవిలో గట్టిపడ్డ నల్లరేగడిని లోతుగా దున్నడం దీనివల్ల కాదు. పైపైన సేద్యం, అంతరకృషి, విత్తడం వరకే దీని పని. ఆ డీజిల్ బుల్లెట్లు ఇప్పుడు కొత్తవి రావడం లేదు. పెట్రోలు బైకుతో చేస్తే ఇంధనం ఖర్చు లెక్క వేసుకోవాలి. దుకాణాల్లో దొరికే పవర్ వీడరు ధర, సబ్సిడీ ఎంతో మండల వ్యవసాయాధికారిని అడిగి, రెండూ పోల్చుకున్నాకే వెల్డింగ్ షాపుకు వెళ్ళండి. దర్శి కృషి విజ్ఞాన కేంద్రం వారి సలహా కూడా తీసుకోవచ్చు.

అలాగని చెయ్యి ముడుచుకు కూర్చోమని కాదు. తల్లి చేతి నొప్పి చూడలేక ఆసు యంత్రం తయారు చేసిన చింతకింది మల్లేశం కూడా పెద్ద చదువులు చదవలేదు. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇలాంటి పల్లె ఆవిష్కర్తలకు హైదరాబాదులోని పల్లె సృజన సంస్థ చేయూతనిస్తోంది. మీ షెడ్డులో పాత ఇంజను మూలపడి ఉంటే ముందు కాగితం మీద గేర్ల లెక్క వేయండి. తర్వాత తేలికపాటి గుంటక తగిలించి, బీడులో నాలుగు సాళ్ళు తోలి చూడండి. అక్కడ నిలిచిన బండినే చేలోకి దించండి.